ఉస్తాదు ముట్టని గద

పుంగనూరులో జిలాన్ సాహెబ్ ఇల్లెక్కడ అని అడిగితే, కళాయి జిలానా, కత్తి జిలానా అని ఎదురు ప్రశ్న వేసేవారు. నిజానికి ఇద్దరూ ఒక్కడే. ఏడాదిలో పది నెలలు ఇత్తడి బిందెలకూ గిన్నెలకూ కళాయి పూసుకుంటూ అటు తంబళ్లపల్లె దాకా, ఇటు పెద్దపంజాణి దాకా సైకిలు మీద తిరిగేవాడు. ఎండలు ముదిరేసరికి కొలిమి తిత్తిని అటకెక్కించి, మీసానికి ఇంత నూనె పట్టించి, ఉస్తాదు అయిపోయేవాడు. ఆ రోజు నుంచి నడక మారేది, గొంతు మారేది. ఇంట్లో మంచినీళ్లు అడగడం కూడా జట్టుకు ఆజ్ఞ ఇచ్చినట్టే అడిగేవాడని ఆయన భార్య బద్రున్నీసా నవ్వుకునేది.

ఆ రెండు నెలలూ ఆయన పెరట్లో వీరుల ఆట నేర్పేవాడు. వీరుల ఆట చూడనివాళ్లకు కాస్త చెప్పాలి. కుప్పానికి దగ్గర్లో ఒక ఊళ్లో ప్రతి వైశాఖంలో జాతర చేస్తారు. ఊరి బయట పొలంలో ఇరవై అడుగుల మట్టి రాకాసిని వెల్లకిలా పడుకోబెడతారు. వాడి పేరు కరువు రాకాసి. లోకంలోని వానంతా తాగేసి పొట్టలో దాచుకున్నాడని కథ. ముగ్గురు అన్నదమ్ములు వాడి మీదికి యుద్ధానికి వస్తారు. చిన్నవాడు కర్ర తిప్పి దారి చేస్తాడు. నడిపివాడు కత్తీ డాలూ పట్టి రాకాసి కాపలావాళ్లను పడగొడతాడు. చివర్లో పెద్దవాడు గద ఎత్తుకొని వచ్చి రాకాసి పొట్ట మీద కొడతాడు. ఆ మట్టి పొట్ట లోపల పసుపునీళ్ల కుండ ఉంటుంది. అది ఒక్క దెబ్బకు పగలాలి. పగిలితే వాన విడుదలైనట్టు. తడిసిన మట్టిని జనం పిడికిళ్లతో తీసుకెళ్లి చేలల్లో చల్లుకుంటారు. ఆ ముగ్గురన్నదమ్ములూ ఎప్పుడూ పుంగనూరు జట్టు మనుషులే. వాళ్లకు ఉస్తాదు జిలాన్, అంతకు ముందు జిలాన్ నాయన.

జట్టులో చేరాలని వచ్చిన ప్రతివాడూ గదే కావాలనేవాడు. చివరి దెబ్బ గదదే కాబట్టి అందరి కన్నూ దాని మీదే. జిలాన్ మాత్రం ఎవరి కోరికా వినేవాడు కాదు. "నువ్వేం పని చేస్తాండావప్పా?" అని ఒక్క మాట అడిగి, మర్నాడు ఆ మనిషి పని దగ్గరికి పోయి పొద్దంతా కూర్చుని చూసేవాడు. మగ్గం నేసేవాడికి కత్తి ఇచ్చేవాడు, వాడి కాళ్లు ఒక పని చేస్తుంటే చేతులు ఇంకో పని చేస్తాయని. గొర్రెలు కాసేవాడికి కర్ర, వాడి కళ్లు నాలుగు పక్కలా ఉంటాయని. చాకిరేవులో బండకేసి బట్టలు బాదేవాడికి గద. ఒకసారి ఆఫీసు గుమాస్తా ఒకాయన చాలా ముచ్చటపడి వచ్చాడు. జిలాన్ ఆయన కుర్చీ పక్కన ఒక రోజంతా కూర్చుని, సాయంత్రం లేచి, "నువ్వు జట్టు ఎనక తాళాలు వాయించప్పా, బాగుంటాది" అని చెప్పి వచ్చేశాడు.

మనిషికి తగిన ఆయుధం తేలాక నోట్లో చిటికెడు చక్కెర వేసి, అది చేతికిచ్చేవాడు. ఇక ఆ మనిషి బతికున్నంత కాలం ఇంకో ఆయుధం ముట్టకూడదు. పక్కకు జరపడానికి కూడా చెయ్యి వెయ్యకూడదు. రెండు ఆయుధాలు తెలిసిన చెయ్యి కొట్టే ముందు ఆలోచిస్తుందని, ఆలోచించిన చెయ్యి ఆలస్యమవుతుందని జిలాన్ నాయన నమ్మకం. ఈ నియమం శిష్యులకే కాదు, ఉస్తాదుకూ ఉంది. గిన్నె లోపల తగరం తిప్పి తిప్పి తుడిచే మణికట్టు చూసి, పదిహేనో ఏట నాయన జిలాన్‌కు కత్తి ఇచ్చాడు. అప్పటి నుంచి ఆయన కర్రనూ గదనూ వేలితో కూడా తాకలేదు.

మరి గద ఎలా నేర్పేవాడని అడగవచ్చు. కొలిమి దగ్గరి పట్టుకారు ఎత్తి చూపించి నేర్పేవాడు. గదకు ఆయన పాఠాలు రెండు. మొదటిది, బరువు కనపడాలి. గద ఎత్తినవాడి కాళ్లు వణకాలి, మెడ నరాలు తేలాలి, చూసేవాడికి ఆయాసం రావాలి. రెండోది, నెత్తి మీదికి ఎత్తినాక వదిలెయ్యాలి. "నువ్వు తొయ్యొద్దప్పా. దాని బరువే దిగుతాది. బరువు దిగితే కుండేంది, బండ కూడా పగులుతాది" అనేవాడు. ఇంత చక్కగా చెప్పే ఉస్తాదు చేతిలో ఉన్నది పట్టుకారని ఎవరికీ గుర్తుండేది కాదు.

ముద్దుకృష్ణకు గద ఇచ్చి పదిహేనేళ్లయింది. అప్పట్లో అతను పుంగనూరు చెరువు దగ్గర బట్టలు ఉతికేవాడు. తడి దుప్పటి ఎత్తి బండకు కొడితే ఆ చప్పుడు అవతలి గట్టుకు వినపడేది. మాట తక్కువ మనిషి, ఎవరితోనూ కళ్లెత్తి మాట్లాడేవాడు కాదు. అలాంటివాడు జాతర రోజున గద ఎత్తితే, ఊరి పెద్దలు వంగి దారి ఇచ్చేవారు. ముసలమ్మలు కాళ్లకు మొక్కేవారు. ఆ ఒక్క రోజు కోసం తక్కిన రోజులన్నీ ఓపిక పట్టే మనిషి అతను. ఈ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు గానీ, జిలాన్‌కు తెలుసు.

1980లో ముద్దుకృష్ణ భార్య గోవిందమ్మతో మదనపల్లెకు పోయి, బస్టాండు దగ్గర ఇస్త్రీ బండి పెట్టుకున్నాడు. ఉతికే పని వదిలేశాడు. ఆ ఏడూ, మరుసటి ఏడూ కుండ ఎలాగో పగిలింది. 1982 జాతరలో పగల్లేదు. మొదటి దెబ్బకు మట్టి అణిగింది. రెండో దెబ్బకు బీట వారింది. మూడో దెబ్బకు గాని పసుపునీళ్లు రాలేదు. ఆ ఏడు వానలూ రాలేదు. వేరుశనగ విత్తినవాళ్లకు విత్తనం కూడా తిరిగి రాలేదు. వాన ఎందుకు రాలేదో చెప్పగలిగినవాళ్లు ఎవరు గనక, అందరూ ఆ మూడు దెబ్బలే చెప్పుకున్నారు.

మరుసటి ఏడు ఉగాది దాటగానే జాతర పెద్ద గోపాలస్వామి దగ్గర నుంచి కబురు వచ్చింది. ఈసారి గద కుప్పం రైసుమిల్లు హమాలీ వెంకటమునికి ఇస్తే బాగుంటుందని ఊరు అనుకుంటోందట. వెంకటముని బియ్యం మూటను ఒంటి చేత్తో బండి మీదికి విసిరే మనిషి. అయినా జాతరకు పదిహేను రోజుల ముందు తానే పుంగనూరు వచ్చి, ముద్దుకృష్ణ దెబ్బ చూసి, అప్పుడు తేలుస్తానన్నాడు గోపాలస్వామి.

ముద్దుకృష్ణ ఇస్త్రీ బండి భార్యకు అప్పజెప్పి పొద్దున్నే బస్సు దిగాడు. జిలాన్ ముందు కూర్చుని చాలాసేపు అరచేతులు చూసుకున్నాడు.

"ఉస్తాదూ, మదనపల్లెలో నన్ను అందరూ ఏయ్ ఇస్త్రీ అని పిలుస్తారు. పిలుచుకోనీ. ఏడాదికి ఒక దినం నేను వేరే మనిషిని గదా అనుకుంటాంటి. అది గూడా పోతే యాడ తలెత్తుకునేది?"

"పోదు లేప్పా. గద తీసుకురా" అన్నాడు జిలాన్.

వీరుల ఆటలో ఇంకో కట్టుబాటు ఉంది. జాతరకు ముందు అభ్యాసానికని కుండలు పగలగొట్టకూడదు. అకాలంలో వాన పొట్ట చీల్చినట్టవుతుందట. అందుకని తడి ఇసుక నింపిన గోనెసంచి మీద కొట్టి, పడిన గుంటను వేళ్లతో కొలుస్తారు. చాకిరేవు రోజుల్లో ముద్దుకృష్ణ దెబ్బకు జానెడు గుంట పడేది. ఇప్పుడు నాలుగు వేళ్లు పడింది. "ఎత్తి వదిలెయ్యప్పా, బరువును దిగనీ" అని జిలాన్ పట్టుకారు ఊపుతూ పది రోజులు అరిచాడు. అదే నాలుగు వేళ్లు.

లోపం భుజాలదని జిలాన్ తేల్చుకున్నాడు. మూడేళ్లుగా ఇస్త్రీ పెట్టె తోసే భుజాలు బండను బాదే భుజాలు ఎలా అవుతాయి. అయితే ఇస్త్రీ పని అంటించిన ఒక అలవాటు ఆయన కంట పడింది. ముద్దుకృష్ణ గుంట పడిన ఇసుక సంచిని చదును చేస్తున్నప్పుడు, చెయ్యి కదలక ముందే నడుము తిరుగుతోంది. పాదం ముందుకు జారి, నడుము తిరిగి, ఆ తర్వాత చెయ్యి పోతోంది. ఇస్త్రీ బల్ల ముందు రోజంతా చేసే పని అదే. అచ్చం కత్తి పట్టేవాడి అడుగు అది.

ఆ మధ్యాహ్నం జిలాన్ అన్నం సరిగా తినలేదు. ఒక మనిషికి రెండు ఆయుధాలు నేర్పడమంటే నాయన మాట దాటడమే. దాటకపోతే శిష్యుడి గద పోతుంది. సాయంత్రం ముద్దుకృష్ణను పిలిచి, నోట్లో రెండోసారి చక్కెర వేసి, తన కత్తి చేతిలో పెట్టాడు.

కత్తి అడుగులు ముద్దుకృష్ణకు వారం రోజుల్లో పట్టుబడ్డాయి. కాని గద ఎత్తగానే అంతా కలగాపులగం. కాళ్లు కత్తివాడిలా కదులుతాయి, చేతులు ఉస్తాదు చెప్పినట్టు గదను నెత్తిన నిలబెట్టి బరువు దిగుతుందని ఎదురు చూస్తాయి. గుంట మూడు వేళ్లకు తగ్గింది. నాయన చెప్పింది నిజమే, రెండు నేర్పి రెండూ చెడగొట్టానని జిలాన్ కుమిలిపోయాడు. పైకి మాత్రం మీసం దువ్వుకుంటూనే ఉన్నాడు.

ఇలా ఉండగా ఒక ఉదయం ఆయన పెరట్లో మంచం మీద కూర్చుని టీ తాగుతున్నాడు. బద్రున్నీసా ఊడుస్తోంది. ముందురోజు ముద్దుకృష్ణ ఆయాసపడుతూ గోడకు ఆనించిన గద దారికి అడ్డంగా ఉంది. ఆమె కుడిచేత్తో చీపురు ఆపకుండానే, ఎడమచేత్తో దాన్ని మెడ పట్టి ఎత్తి అవతల పెట్టి, ఊడ్చుకుంటూ పోయింది.

జిలాన్ చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

"ఏమే, దాన్ని మళ్లా ఎత్తు."

"యాల?"

"ఎత్తు అంటాండా గదా."

ఆమె వెనక్కి వచ్చి ఈసారి కావాలనే ఇంకా సుళువుగా ఎత్తింది. ఇంట్లో వాళ్లు మాట్లాడుకునేది ఉర్దూయే. కోపం వచ్చినా, వేళాకోళం చెయ్యాలన్నా మాత్రం బద్రున్నీసా తెలుగులోకి దిగేది, పక్కింటి చెంగమ్మకు కూడా బోధపడాలని. ఇప్పుడూ అలాగే దిగింది.

"ఇదేముందబ్బా బరువు. బూరుగు చెక్క. పాతది చింత మొద్దుది పగిలిపోయినప్పుడు మీరు తంబళ్లపల్లె పక్క కళాయికి పోయిండిరి. కొయ్యపని చేసే వడ్ల ఆదెప్ప ఇది చేసిచ్చినాడు. రంగు నేనే వేసినా. ఎనిమిదేండ్లయ. మీకు తెలుసనుకుంటి."

ఎనిమిదేళ్లుగా లేని బరువును దిగనిమ్మని అరుస్తున్నానని జిలాన్‌కు అప్పుడు తెలిసింది. చాకిరేవు భుజాలున్నన్నాళ్లు ఆ భుజాలే కుండలు పగలగొట్టాయి. ఆ భుజాలు పోగానే ఉస్తాదు తప్పు బయటపడింది, నింద ముద్దుకృష్ణ మీద పడింది.

ముద్దుకృష్ణ రాగానే జిలాన్ అడిగాడు. "నాకు యాల చెప్పలేదప్పా?"

ముద్దుకృష్ణ తల వంచుకున్నాడు. "మీరు ముట్టుకోరు గదా. ముట్టుకోని పెద్దమనిషికి బరువు సంగతి ఎట్ల చెప్పేది? బరువు సూపించమంటిరి, సూపిస్తాంటి."

జిలాన్ లేచి చేతులు కడుక్కున్నాడు. గద ముందు నిలబడ్డాడు. పట్టుకోబోయి ఆగాడు. చక్కెర లేకుండా ఆయుధం పట్టడం ఎలా. నాయన లేడు, తనకంటే పెద్ద ఉస్తాదు ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. భార్య వైపు చూశాడు. ముప్పై ఏళ్లుగా ఆ చూపులు చదువుతున్న మనిషి గనక బద్రున్నీసా చీపురు పక్కన పెట్టి, లోపలికి పోయి డబ్బా తెచ్చి, చిటికెడు చక్కెర ఆయన నోట్లో వేసింది. ఆమె వేళ్లకు వాకిలి మట్టి ఉంది. అప్పుడు గద ఎత్తి చేతికిచ్చింది.

జిలాన్ దాన్ని అటూ ఇటూ తిప్పాడు. ఎత్తి వదిలితే చెట్టు మీది నుంచి కాయ రాలినట్టు దిగింది తప్ప అందులో ఏమీ లేదు. పాదం జార్చి, నడుము తిప్పి, కత్తి విసిరినట్టు విసిరి చూశాడు. గోనెసంచి లోపలికి దిగబడింది. వేళ్లు పెట్టి కొలిచాడు. ఆ వయసులో, ఆ బక్క చేతులతో, ఆరు వేళ్ల గుంట.

"కత్తి అడుగే కావాల్సింది, చెయ్యి మటుకు ఆగకూడదు" అన్నాడు. "నెత్తి మీద నిలబెట్టొద్దప్పా. బరువు సూపించేది నడిచేటప్పుడు. కొట్టేటప్పుడు ఇది గద గాదు, కత్తి అనుకో."

అయిదో రోజున జానెడు గుంట పడింది. ముద్దుకృష్ణ దాని పక్కన గొంతుక్కూర్చుని, వేళ్లు పెట్టి మళ్లీ మళ్లీ కొలుచుకున్నాడు.

కాని గోపాలస్వామి వచ్చిన రోజు కథ అడ్డం తిరిగింది. ఆయన ముప్పై ఏళ్లుగా గద నిలబడి దిగడం చూసిన మనిషి. అడుగు జారడం, నడుము తిరగడం చూసి మొహం చిట్లించాడు. గుంట వైపు చూడనే లేదు.

"ఏంది ఉస్తాదూ ఈ గంతులు? గదంటే ఇట్లనా? పోయినేడు జరిగింది సాలు. వెంకటమునికే ఇద్దాం" అని తువ్వాలు దులుపుకొని లేచాడు.

జట్టంతా అక్కడే ఉంది. గోడ అవతల చెంగమ్మ కూడా ఉంది. ముద్దుకృష్ణ గదను మెల్లగా కింద పెట్టేశాడు. జిలాన్ ఒక్క క్షణం మీసం మీద చెయ్యి వేసి, తీసేశాడు.

"కూర్చోండి స్వామీ. పోయినేడు కుండ పగలకపోయింది వీని తప్పు గాదు. నాది. నేను తప్పు పాఠం చెప్పినా. ఎనిమిదేండ్లు చెప్పినా. ఈయప్ప నా మాట దాటకుండా కొట్టినాడు, మాట పడినాడు. ఇప్పుడు సరైంది నేర్పినా. ఇది గూడా తప్పయితే, ఇంక మా జట్టు మీ జాతరకు రాదు, నేను ఉస్తాదని చెప్పుకోను."

గోపాలస్వామి మళ్లీ కూర్చున్నాడు. ఆయన తండ్రి కాలం నుంచీ ఆ ఇంటి ఉస్తాదు నోట తప్పు అనే మాట విన్నవాడు లేడు. తువ్వాలు మళ్లీ భుజాన వేసుకొని, "సరే, ఈ ఏటికి ముద్దుకృష్ణే" అన్నాడు. ముద్దుకృష్ణ కళ్లు ఎత్తలేదు గానీ, జిలాన్ చెయ్యి పట్టుకొని గోపాలస్వామి బస్సెక్కే దాకా వదల్లేదు.

జాతర నాడు మిట్టమధ్యాహ్నం ఎండలో పొలం నిండా జనం. వెంకటముని ముందు వరసలోనే చేతులు కట్టుకొని నిలబడ్డాడు. కర్రవాడు దారి చేశాడు. కత్తివాడు కాపలావాళ్లను పడగొట్టాడు. అప్పుడు ముద్దుకృష్ణ వచ్చాడు. గద ఎత్తి నాలుగు అడుగులు వేసేసరికి కాళ్లు వణికాయి, మెడ నరాలు తేలాయి. దాని బరువు తెలిసిన జిలాన్‌కు కూడా ఆయాసం వచ్చింది. రాకాసి దగ్గరికి రాగానే పాదం జారింది. జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. ఆ నవ్వు పూర్తయ్యేలోగా నడుము తిరిగి, గద దిగి, కుండ పగిలిన చప్పుడు వినపడింది. పసుపునీళ్లు రాకాసి పొట్ట మీది నుంచి నాలుగు పక్కలా కారాయి.

ఒక్క దెబ్బ.

గోపాలస్వామే అందరికంటే ముందు వంగి తడి మట్టి తీసుకున్నాడు. ముసలమ్మలు ముద్దుకృష్ణ చుట్టూ మూగారు. జిలాన్ అందరి ముందూ ఏడ్చాడు. ఎండకు కళ్లు మండుతున్నాయని సాకు కూడా చెప్పలేదు.

ఆ సందట్లో వెంకటముని గద దగ్గరికి వచ్చాడు. ఎంత బరువుందో చూద్దామని కాళ్లు ఎడంగా పెట్టి, ఊపిరి బిగబట్టి, రెండు చేతులతో పట్టి ఎత్తాడు. అది చటుక్కున ఛాతీ దాకా వచ్చేసింది. వెంకటముని నోరు తెరిచి జిలాన్ వైపు చూశాడు. ఆయన పక్కన ముద్దుకృష్ణ కాళ్లకు మొక్కుతున్న ముసలమ్మల వైపు చూశాడు. తర్వాత మోకాళ్లు వంచి, మూలుగుతూ, గదను మెల్లగా నేల మీద దించి, నడుము పట్టుకున్నాడు.

"సానా బరువుండాదప్పా. మన వల్ల గాదు" అని చుట్టూ ఉన్నవాళ్లకు వినపడేలా చెప్పాడు.

ఆ మాట అన్నవాణ్ణి జిలాన్ చచ్చేదాకా మరచిపోలేదు. మరుసటి ఏడే పిలిపించుకొని, రైసుమిల్లులో ఒక పూట కూర్చుని చూసి, కర్ర ఇచ్చాడు. మూటలు మోసేవాడికి కర్ర ఏమిటని జట్టు ఆశ్చర్యపోయింది. ఎవడి పరువు ఎక్కడ జారిపోతోందో చూడగలిగిన కళ్లు వాడివని జిలాన్ అన్నాడు.

అదంతా తర్వాతి మాట. జాతర మర్నాడు పొద్దున్నే ఆయన పుంగనూరులో బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి, బద్రున్నీసా పెరట్లో ఊడుస్తోంది.

"ఎన్ని దెబ్బలు?" అని అడిగింది.

"ఒకటే."

ఆమె తల ఊపింది. తర్వాత చెంగమ్మకు వినపడేంత గట్టిగా, తెలుగులో అడిగింది. "మీ నోట్లో చక్కెర వేసి గద ఇచ్చింది ఎవరు?"

"నువ్వే."

"అయితే మీ ఉస్తాదు ఎవరు?"

జిలాన్ మీసాల్లోనే నవ్వాడు. బద్రున్నీసా లోపలికి పోయి డబ్బా తెచ్చింది. చిటికెడు చక్కెర ఆయన నోట్లో వేసి, చీపురు చేతికిచ్చింది. ముప్పై ఏళ్ల కాపురంలో మొదటిసారి ఆ పొద్దున ఆమె మంచం మీద కూర్చుని టీ తాగుతుంటే, కత్తి జిలాన్ పాదం జార్చి, నడుము తిప్పి, పెరడు మొత్తం ఊడ్చాడు.